నమిలిన పుస్తకాల కాలం

పిల్లలు బడికెళ్లే వయసొచ్చినా, వాళ్ల పసితనంలో చదివి వినిపించిన పుస్తకాల్లో పారేయబుద్ధి కానివి రెండో మూడో మిగిలిపోతాయి. వాటిలో కథంటూ పెద్దగా ఉండదు. పేజీకో బొమ్మ, దాని కింద ఓ మాట, అంతే. కానీ చేతిలోకి తీసుకుని తిరగేస్తే ఏది ఏ నెలలో నడిచిందో చెప్పేయొచ్చు. మూలలు నాని అట్ట పొరలుపొరలుగా విచ్చుకుపోయిందంటే అది అయిదో నెలకీ తొమ్మిదో నెలకీ మధ్యది. నున్నటి బొమ్మ మీద గోటితో గీరిన గుర్తులుంటే తొమ్మిదో నెల చుట్టుపక్కల. తలుపులా తెరుచుకునే అట్టముక్క ఊడిపోయి, మళ్లీ మళ్లీ టేపు వేయించుకుని ఉంటే ఏడాదికి అటూ ఇటూ. పేజీ అంతా కొత్తగా ఉండి ఒక్క కుక్కపిల్ల ముఖం మాత్రం వేలిజిడ్డుకి మాసిపోయిందంటే, అది ప్రతిదానికీ వేలు పెట్టి చూపించి పేరు చెప్పించుకున్న కాలం.

ఆ రోజులు నడుస్తున్నప్పుడు చదివేవాళ్లని లోలోపల తొలిచే సందేహం ఒకటే. వినే పసివాళ్లకి ఒక్క ముక్కా అర్థం కాదు కదా, ఇదంతా ఎవరికి చదువుతున్నట్టు? తీరా ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, మాట బయటికి రాకముందే ఎంత పని జరిగిపోయిందో తెలుస్తుంది. ఆ పని పుస్తకం చేసింది తక్కువ. పుస్తకం ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టింది. మిగతాదంతా ముఖంలోకి చూడటం, ఆగడం, అవతలి నుంచి వచ్చిన చిన్న సద్దుకి బదులివ్వడం.

మొదటి రెండు నెలలు తలుచుకోండి. పుట్టిన బిడ్డకి చూపు బాగా ఆనేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోనే. మోచేతి మడతలో తలపెట్టి పడుకోబెట్టుకుంటే మన ముఖం సరిగ్గా ఆ దూరంలో ఉంటుంది. లేత రంగుల బొమ్మలు ఆ వయసులో పెద్దగా ఆనవు. తెలుపు మీద నలుపు, లావుపాటి గీతలు, గళ్లు, గుండ్రాలు అయితే కాసేపు చూస్తారు. నిజానికి ఆ రెండు నెలలూ ఏం చదివామన్నది లెక్కలోకే రాదు. చేతిలో ఉన్న నవలో, వార్తాపత్రికో, మందుసీసా మీది కాగితమో, ఏదైనా సరే. కావాల్సింది గొంతు. ఆ గొంతు వాళ్లకి అప్పటికే పరిచయం. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో, గర్భిణులు చివరి ఆరు వారాలు రోజూ రెండుసార్లు ఒకే కథాభాగాన్ని పైకి చదివారు. పుట్టాక ఆ పిల్లల నోటికి ప్రత్యేకమైన పాలపీక ఇచ్చి, చప్పరించే తీరుని బట్టి ఏ రికార్డింగు వినిపించాలో వాళ్లనే ఎంచుకోనిచ్చారు. వాళ్లు కడుపులో విన్న భాగాన్నే కోరుకున్నారు. వేరే ఆవిడ గొంతులో వినిపించినా అదే కోరుకున్నారు. అంటే గొంతుతో పాటు ఆ వాక్యాల నడకని కూడా పట్టుకున్నారన్నమాట.

ఎప్పుడు చదవాలన్నది గడియారాన్ని బట్టి కాదు, బిడ్డని బట్టి తేల్చుకోవాలి. కళ్లు తెరుచుకుని, కాళ్లూ చేతులూ నిదానంగా ఉండి, ఊపిరి నెమ్మదిగా ఆడుతున్న సమయం ఒకటి ఉంటుంది. మొదటి వారాల్లో అది ఒక్కోసారి కొన్ని నిమిషాలే. ఒక్క నిమిషం చదివినా చదివినట్టే. చూపు పక్కకి తిప్పుకోవడం, ఆవులింత, ఎక్కిళ్లు, వేళ్లన్నీ విచ్చి చాపడం, నడుం విల్లులా వంచడం, ఇవన్నీ "ఇక చాలు" అని చెప్పే గుర్తులు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చూపు తిప్పుకోగానే పుస్తకాన్ని ఇంకా దగ్గరికి తెచ్చి, ఆడించి, గొంతు పెంచుతారు. అది ఏడుపు దాకా వెళ్తుంది. చెయ్యాల్సింది దానికి పూర్తిగా వ్యతిరేకమైన పని. పుస్తకం దించి అరనిమిషం నోరు మూసుకుంటే చాలు. బిడ్డ తనంతట తాను మళ్లీ చూపు తిప్పితే ఇంకో వాక్యం, లేకపోతే ఆ పూటకి అయిపోయింది.

ఇక గొంతు సంగతి. పసిపిల్లలతో మాట్లాడేటప్పుడు ఎవరికైనా గొంతు దానంతటదే పైకి లేస్తుంది, అచ్చులు సాగుతాయి, మాటకీ మాటకీ మధ్య ఖాళీ పెరుగుతుంది. చూసేవాళ్లకి కాస్త నవ్వు తెప్పించే ఈ పలుకే పసిచెవికి సాయం. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో విడదీసి చూపిస్తుంది కాబట్టి. అయితే రాగం తీయడం వేరు, మాటని వంకర చేయడం వేరు. "కుక్కపి...ల్ల" అని సాగదీయండి, ఫర్వాలేదు. "కుత్తపిన్న" అని మనమే నత్తిగా పలకనక్కర్లేదు. ఆ ముద్దు వాళ్లకే వదిలేద్దాం.

రెండు మూడు నెలలకి ఉంగా ఉంగా మొదలవుతుంది. ఆ కాలంలో చదవడమంటే పుస్తకంలో ఉన్నది అప్పజెప్పడం కాదు, సంభాషణ. ఒక వాక్యం చదివి, ముఖంలోకి చూసి, మనసులో నింపాదిగా అయిదు లెక్కపెట్టాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ చేయడానికి మహా కష్టం, పెద్దవాళ్లు ఒకటి అనేసరికే పేజీ తిప్పేస్తారు. విన్నదాన్ని అందుకుని, గొంతు కూడదీసుకుని, నోరు తెరవడానికి పసిబిడ్డకి కొన్ని సెకన్లు పడుతుంది. అయిదో లెక్కకి వచ్చే ఆ "ఊ" కోసం ఆగాలి. వచ్చాక అదే "ఊ" మనమూ అని, తర్వాతి వాక్యానికి వెళ్లాలి. రాకపోయినా నష్టం లేదు, పెదవులు కదిపినా కాలు తన్నినా జవాబే.

కూర్చోబెట్టుకునే తీరు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అందరికీ అలవాటైన పద్ధతి, బిడ్డ వీపు మన పొట్టకి ఆనించి, ఇద్దరూ ఒకవైపే చూస్తూ కూర్చోవడం. హాయిగా ఉంటుంది, బొమ్మా బాగా కనిపిస్తుంది. కాకపోతే పలికే నోరు కనిపించదు. అందుకే రోజులో ఒక్కసారైనా బిడ్డని తొడమీద కాస్త పక్కకి తిప్పి, అటు పుస్తకమూ ఇటు ముఖమూ రెండూ కనిపించేలా కూర్చోబెట్టుకోవాలి. బోర్లా పడ్డం వచ్చాక ఇంకో దారి దొరుకుతుంది. నేల మీద ఎదురెదురుగా ఇద్దరూ బోర్లా పడుకుని, మధ్యలో పుస్తకాన్ని తెరిచి నిలబెట్టడం. మెడకీ పని, కంటికీ పని. మన మోచేతులు నొప్పెడతాయి, అంతే.

ఇక అసలు కాలం, నమిలే కాలం. అయిదారు నెలలకి అందింది అందినట్టు నోట్లోకి పోతుంది. పుస్తకాన్ని లాక్కుని "ఛీ, తప్పు" అనడం పుస్తకం మీద విసుగు పుట్టించే పద్ధతి. నోరే వాళ్ల పరిశోధన సాధనం ఆ వయసులో. మేలైన ఉపాయం రెండు పుస్తకాలు పెట్టుకోవడం, ఒకటి నోటికి, ఒకటి చదవడానికి. నోటికిచ్చేది గుడ్డ పుస్తకమైతే ఉతుక్కోవచ్చు. అట్ట పుస్తకమైతే అరచేతికి కాస్త పెద్దగా, ఎనిమిది నుంచి పన్నెండు పేజీలు, మూలలు గుండ్రంగా, మెరుపుపొడి అంటించనిది చూసుకోవాలి. మాసినప్పుడు నీళ్లలో ముంచకూడదు. గుడ్డని సబ్బునీళ్లలో తడిపి గట్టిగా పిండి, దాంతో తుడిచి, మళ్లీ మంచినీళ్ల గుడ్డతో తుడిచి, పేజీలు విసనకర్రలా విప్పి నిలబెట్టి ఆరబెట్టాలి. మూసి పెడితే లోపల చెమ్మ చిక్కి బూజు వాసన వస్తుంది, జిగురు వదిలి పొరలు లేస్తాయి. అలా లేచిన మూల మీద ఓ కన్నేసి ఉంచాలి. నానిన అట్టముక్క తెగి అంగిట్లో అతుక్కుంటే ఊపిరి అడ్డుపడుతుంది. విడిపోతున్న మూలని కత్తిరించి పారేయొచ్చు. మళ్లీ లేస్తే పుస్తకమే పక్కన పెట్టేయడం మంచిది. నీళ్లలో ఆడుకునే ప్లాస్టిక్ పుస్తకాలకి వేరే జబ్బు. అతుకు దగ్గర సన్నగా నీరు లోపలికి పోయి స్పాంజి నల్లబడుతుంది. నొక్కితే మురికినీరు వచ్చిందంటే దాని ఆయుష్షు తీరినట్టే.

బటన్ నొక్కితే శబ్దం చేసే పుస్తకాల గురించి ఒక్క మాట గట్టిగానే చెప్పాలి. వాటి లోపల నాణెంలాంటి గుండ్రటి బ్యాటరీలుంటాయి. అది మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేయగలదు. బ్యాటరీ మూతకి స్క్రూ ఉండాలి, అది బిగుతుగా ఉందో లేదో అప్పుడప్పుడు చూస్తుండాలి. మింగారన్న అనుమానం వచ్చినా సరే, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఎదురుచూడకూడదు. ఇది కాక, ఆ శబ్దాలు భాష నేర్పేదీ తక్కువే. బటన్ మోగుతున్నంతసేపూ చదివే మనిషి నోరు మూతపడుతుంది.

నమలడం మధ్యలోనే లోపల ఎంత జరుగుతోందో శాస్త్రవేత్తలు మెల్లగా బయటికి లాగారు. జెన్నీ శాఫ్రన్, ఆమె సహచరులు 1996లో చూపించింది ఏమిటంటే, ఎనిమిది నెలల పిల్లలకి అర్థంలేని అక్షరాలని ఎక్కడా ఆగకుండా రెండే రెండు నిమిషాలు వినిపిస్తే, ఏ అక్షరం వెనక ఏది తరచు వస్తోందో గమనించి, అందులో దాగిన "మాటల్ని" విడదీసి గుర్తుపడతారని. ఎలికా బెర్గెల్సన్, డేనియల్ స్వింగ్లీ 2012లో ఆరు నుంచి తొమ్మిది నెలల పిల్లల ముందు బొమ్మలు పెట్టి పేర్లు చెబితే, ఒంట్లో భాగాల పేర్లకీ తిండి పదార్థాల పేర్లకీ చూపు సరైన బొమ్మ వైపే ఎక్కువగా నిలిచింది. నోట ఒక్క మాట లేని వయసది.

మనకి మరీ దగ్గరగా తోచేది జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్‌లు 1984లో ప్రచురించిన పరిశోధన. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని పిల్లలకి హిందీలోని త, ట ధ్వనుల తేడా వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వాళ్లు ఇట్టే పట్టేశారు. పది, పన్నెండు నెలలకి వచ్చేసరికి ఆ పట్టు చాలావరకు జారిపోయింది. చుట్టూ వినబడని తేడాని చెవి వదిలేసుకుంటుంది, వినబడేదాన్ని పదును పెట్టుకుంటుంది. అయితే రికార్డు పెట్టేస్తే సరిపోతుందా అంటే, పట్రీషియా కుల్ బృందం 2003లో దానికి జవాబిచ్చింది. తొమ్మిది నెలల అమెరికా పిల్లలకి నాలుగు వారాల్లో పన్నెండుసార్లు చైనా మాండరిన్ వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని పుస్తకాలు చదివి, బొమ్మలతో ఆడించిన గుంపుకి ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుబడింది. అదే మనిషిని తెరమీద చూసినవాళ్లకీ, ఉత్త గొంతు విన్నవాళ్లకీ ఏమీ పట్టుబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019 మార్గదర్శకాల్లో ఏడాదిలోపు వాళ్లకి తెర వద్దని చెప్పి, కదలకుండా కూర్చునే సమయంలో పెద్దవాళ్లు పుస్తకం చదవడాన్నీ కథ చెప్పడాన్నీ ప్రోత్సహించమంది. దూరాన ఉన్న తాతయ్యలూ అమ్మమ్మలూ దీనికి దిగులు పడక్కర్లేదు. వీడియో కాల్‌లో అటు మనిషి ఇటు బిడ్డని చూస్తూ, ఆగుతూ, బదులిస్తూ మాట్లాడితే రెండేళ్లు దాటిన పిల్లలు కొత్త మాటలు నేర్చుకున్నారని 2014లో ఒక ప్రయోగం తేల్చింది. రికార్డు చేసి పంపిన వీడియోకి ఆ గుణం లేదు.

తొమ్మిదో నెల గోటి గుర్తుల దగ్గరికొద్దాం. ఆ వయసు పిల్లల్ని దగ్గరగా చూసినవాళ్లకి ఇది మరచిపోలేని దృశ్యం. బంతి బొమ్మ ఉన్న పేజీ తెరుస్తాం. అరచేత్తో ముందు తడుముతారు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ కలిపి బంతి అంచుని చిటికెతో పట్టుకోబోతారు. గోరు కాగితం మీద కర్రుమంటుంది. చెయ్యెత్తి, ఖాళీగా ఉన్న వేళ్లని చూసుకుని, మళ్లీ బంతి వైపు చూస్తారు. జూడీ డిలోష్, ఆమె బృందం 1998లో దీన్నే అధ్యయనం చేశారు. తొమ్మిది నెలలవాళ్లు బొమ్మని పట్టుకోబోతారు, పందొమ్మిది నెలలకల్లా పట్టుకోవడం మాని వేలెత్తి చూపిస్తారు. బొమ్మ వస్తువు కాదు, వస్తువుకి గుర్తు అని తెలియడం ఈ మధ్యలో జరిగిపోతుంది. ఆ తెలివికి సాయం చెయ్యాలంటే పక్కనే నిజం బంతి పెట్టుకుని, బొమ్మని చూపించి "బంతి", బంతిని చేతికిచ్చి "బంతి" అంటే సరి. ఒక పూటకి అలాంటివి రెండు మూడు చాలు.

తలుపులు తెరిచే పుస్తకాలు పాకే వయసులోనే రుచిస్తాయి. కనబడనిది ఎక్కడికీ పోలేదని అప్పుడే నమ్మకం కుదురుతుంది కాబట్టి. "ఏదీ... ఏదీ... ఇదిగో!" అని తెరవడం వంద సార్లయినా విసుగు రాదు వాళ్లకి. ఆ తలుపులు ఎలాగూ చిరుగుతాయి, కొన్న రోజే మడత వెనక వెడల్పాటి టేపు వేసి ఉంచితే కొన్ని నెలలు ఎక్కువ బతుకుతాయి. అయితే పేజీలోంచి లేచి నిలబడేవీ, లాగితే కదిలేవీ మరీ ఎక్కువైతే చెయ్యి ఆటలో పడి చెవి మూసుకుంటుంది. మాటలు నేర్వడానికి సాదా బొమ్మల పుస్తకమే మేలు. దుకాణాల్లో దీనికి వ్యతిరేకంగా చెబుతారు, అది వేరే సంగతి.

ఏడాది దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పాలని తహతహ. ఒకేసారి నాలుగు పేజీలు తిరిగిపోతాయి, కథ మధ్యలోంచి వెనక అట్టకి వెళ్తుంది. సరిదిద్దకండి. తర్వాతి పేజీ అంచుని మనవేలితో కాస్త లేపి ఉంచితే చాలు, వాళ్లే తోస్తారు. తలకిందులుగా పట్టుకున్నా, మొదటి పేజీ చదవనివ్వకపోయినా, తెరుచుకున్న చోటే మాట్లాడుకోవాలి. వరసగా చివరిదాకా చదివి తీరాలన్న పట్టుదల పెద్దవాళ్లది. దాని వల్లనే "మావాడు పుస్తకమంటే కూర్చోడండీ" అనే ఫిర్యాదు పుడుతుంది. ఏడాది బిడ్డ మూడు నిమిషాలు కూర్చుంటే ఎక్కువే. లేచి పాక్కుంటూ పోతే మనం ఇంకో రెండు వాక్యాలు చదివి మూసేయొచ్చు. చెవి ఇటే ఉంటుంది.

వేలు చాపడం మొదలయ్యాక చదివే పద్ధతి మారాలి. ఇంతవరకూ మనం చూపించాం, ఇప్పుడు వాళ్లు చూపించేదాని వెంట మనం వెళ్లాలి. పేజీలో మనకి ఏనుగు పెద్దగా కనిపిస్తుంది. వాళ్ల వేలు మూలనున్న చీమ మీద ఉంటుంది. అప్పుడు మాట చీమ గురించే. ముందు పేరు, "చీమ". తర్వాత దానికి ఇంకో మాట జోడింపు, "నల్ల చీమ". తర్వాత ఆగడం. బిడ్డ "చీ" అంటే "అవును, చీమ! చీమ పాకుతోంది" అని పూర్తిచేసి అందివ్వాలి. "కాదు, చీ...మ, సరిగ్గా చెప్పు" అంటే ఆట పరీక్షగా మారిపోతుంది. ఎవరైనా ఇంటికి రాగానే పుస్తకం తెచ్చి "ఇదేంటో చెప్పు, చెప్పు" అని నిలబెట్టడం కూడా అదే కోవలోది. పరీక్ష వాసన తగిలితే పిల్లలు పుస్తకాన్ని మూసేస్తారు, వాళ్లది సరైన తీర్పే.

ఏడాదిన్నర నుంచి మొదలవుతుంది పెద్దవాళ్లకి అసలైన పరీక్ష. రోజూ అదే పుస్తకం. అయిపోగానే "మల్లీ". కొత్తది చూపిస్తే విసిరికొట్టి పాతదే తెస్తారు. విసుగొచ్చి ఆ పుస్తకాన్ని బీరువా మీద దాచిన ఇళ్లు ఎన్నో. దాచకుండా ఉంటేనే మంచిది. జెస్సికా హోర్స్ట్, ఆమె సహచరులు 2011లో మూడేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగంలో, ఒకే కథని మళ్లీ మళ్లీ విన్నవాళ్లు అందులోని కొత్త మాటల్ని బాగా నిలుపుకున్నారు. అవే మాటల్ని అన్నేసిసార్లు వేర్వేరు కథల్లో విన్నవాళ్లకి అంత నిలవలేదు. కథ తెలిసిపోయాక దృష్టి మాటల మీదికి మళ్లుతుంది మరి. మన విసుగుకి మందు చదివే తీరు మార్చడమే. ఒకసారి గుసగుసగా, ఒకసారి ఎలుగుబంటి గొంతుతో. తర్వాత వాక్యం చివరి మాట వదిలేసి ముఖం చూడటం: "పిల్లి చెట్టు...", "ఎక్కి!" ఆ ఖాళీని పూరించినప్పటి ముఖాన్ని చూసినవాళ్లు ఇంకోసారి చదవడానికి అభ్యంతరం చెప్పరు.

రెండేళ్ల ప్రాంతంలో ప్రశ్నలు పనికొస్తాయి, కాకపోతే అవును-కాదు జవాబులవి కాదు. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 21 నుంచి 35 నెలల పిల్లల తల్లిదండ్రులకి నేర్పిన పద్ధతి ఇదే. "ఇది పిల్లా?" అని అడగడం మాని, "పిల్లి ఏం చేస్తోంది?" అనడం. జవాబు ఎంత చిన్నదైనా దాన్ని ఓ మాట పెంచి తిరిగివ్వడం. నెల రోజుల్లోనే ఆ పిల్లలు మామూలుగా చదివించుకున్న పిల్లల కన్నా మాటల్లో ముందుకెళ్లారు. పేజీకి ఒక ప్రశ్న దాటకూడదు, దాటితే కథ చచ్చిపోతుంది.

ఇంట్లో రెండు భాషలుంటే ఎవరికి నోరు తిరిగే భాషలో వాళ్లు చదవడమే సరైనది. పుస్తకం వేరే భాషలో ఉంటే అక్షరాలు వదిలేసి బొమ్మలు చూస్తూ సొంత భాషలో చెప్పుకుపోవచ్చు. అచ్చులోని వాక్యం మరీ బిగుసుకుని ఉంటే ఇంట్లో మాట్లాడే తీరుకి మార్చేయొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. చదవడం రాని పెద్దవాళ్లూ ఇలాగే బొమ్మల పుస్తకంతో చక్కగా కథ నడిపిస్తారు. కొన్నిసార్లు చదువుకున్నవాళ్ల కన్నా బాగా.

ఎంత చదివినా కొందరికి మాట ఆలస్యమవుతుంది. ఆ నెలల్ని ఊరికే గడిపేయకూడదు. తొమ్మిది పది నెలలకి "బాబాబా, దాదాదా" లాంటి పలుకులే లేకపోయినా, ఏడాది నిండినా వేలు చూపడం, చెయ్యి ఊపడం లాంటి సైగలు లేకపోయినా, పదహారు నెలలకి ఒక్క మాటా, రెండేళ్లకి రెండు మాటల కూర్పూ రాకపోయినా, లేదా వచ్చిన మాటలు పోతున్నా, పిల్లల డాక్టరుకి చూపించాలి. ముందుగా చెవి పరీక్ష చేయించాలి. "మా వంశంలో అందరికీ ఆలస్యమే" అన్న మాట విని ఆగిపోతే, వినికిడి లోపమున్న బిడ్డకి విలువైన నెలలు పోతాయి. పరీక్షలు నడుస్తున్నప్పుడూ చదవడం ఆపక్కర్లేదు. ముఖం కనిపించేలా, సైగలు జోడించి చదవాలి.

రెండున్నర దాటాక, తెలిసిన పుస్తకంలో నిద్ర ముంచుకొచ్చి మనం ఒక పేజీ ఎగరగొడితే చెయ్యి టపీమని వచ్చి పడుతుంది, "కాదు, ఇంకా కప్ప రాలేదు!" అని. అక్కణ్నుంచి పుస్తకం వాళ్ల చేతికిచ్చేయొచ్చు. బొమ్మల్ని చూస్తూ, మన విరుపులతో సహా, మనం ఎక్కడ దగ్గామో అక్కడ దగ్గుతూ మొత్తం అప్పజెబుతారు. తప్పుల్ని దిద్దకుండా, వాళ్లు ఆగినచోట ఒక్క మాట అందిస్తే చాలు. పలచటి కాగితం పుస్తకాలు ఇవ్వడానికి కూడా ఇదే అదను, ఒక్కో పేజీ అంచు పట్టి తిప్పే ఒడుపు వేళ్లకి వచ్చేసి ఉంటుంది. మొదటి వారం ఒకటి రెండు పేజీలు చిరుగుతాయి. టేపు దగ్గర పెట్టుకోండి.